కొరింథులో ఒకే బల్ల

ప్రభువు బల్లను గురించి పాతికేళ్లకు పైగా ప్రసంగిస్తూ వచ్చాం. అయినా ఆ బల్ల మనల్ని ఏమి అడుగుతుందో మాకు కాస్త గట్టిగా తెలిసివచ్చింది మాత్రం ఒక చిన్న భోజనశాలలో. అది గ్రీసు దేశంలో, పాత కొరింథు గ్రామంలో, శిథిలాలకు కూతవేటు దూరంలో ఉంది. ఇలాంటి భోజనశాలను గ్రీకులు టవెర్నా అంటారు. అది పెద్ద హోటలు కాదు. ఇంటాయన వడ్డిస్తాడు, ఇంటావిడ లోపల వండుతుంది, ఊళ్లోవాళ్లు వచ్చి పలకరించి కూర్చుంటారు. మన ఊళ్లలోని మెస్సు లాంటిదే అనుకోండి.

2019 అక్టోబరులో మా ప్రాంతపు సంఘాల వాళ్లం ఇరవై ఇద్దరం కలిసి అపొస్తలుడైన పౌలు నడిచిన దారి చూడడానికి వెళ్లాం. ఆయన ఓడ దిగిన నెయపొలి నేడు కవాలా అనే రేవు పట్టణం. అక్కడి నుండి ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ, ఏథెన్సు చూసుకుంటూ చివరికి కొరింథు చేరాం. ఏథెన్సు నుండి అది సుమారు 80 కిలోమీటర్లు. ఆ ఉదయమంతా శిథిలాల్లో తిరిగాం. అపొల్లో గుడిలో ఏడు స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. గల్లియోను ఎదుట పౌలును నిలబెట్టిన న్యాయపీఠం చూశాం (అపొ.కా. 18:12). పాత నాటకశాల దగ్గర ఒక బండ మీద ఎరస్తు అనే అధికారి తన సొంత ఖర్చుతో అక్కడ రాళ్లు పరిపించాడని చెక్కి ఉంది. 1929లో తవ్వకాల్లో బయటపడిన బండ అది. రోమా పత్రిక చివర పౌలు పేర్కొన్న ఎరస్తు ఆయనే కావచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. ఎండ ఎక్కింది, ఆకలి వేసింది. ఆ రోజు మధ్యాహ్న భోజనం టూరు ప్యాకేజీలో లేదు. మాకు దారి చూపిస్తున్న గైడు పక్క వీధిలోని ఈ టవెర్నాకు తీసుకెళ్లింది.

అప్పటిదాకా ఐదారు రోజులుగా మా భోజనాలు ఒక పద్ధతిలో సాగాయి. ఎవరూ నియమం పెట్టలేదుగానీ నియమంలాగే నడిచింది. పాస్టర్లం, సంఘపెద్దలం ఒక బల్ల దగ్గర. ఉద్యోగస్థులు, వారి కుటుంబాలు రెండో బల్ల దగ్గర. మిగిలినవాళ్లు మూడో బల్ల దగ్గర. బస్సు నడిపే గ్రీకు డ్రైవరు ఎక్కడో ఒక మూలన ఒంటరిగా. దీన్ని గురించి మేము ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

టవెర్నా యజమానికి మా పద్ధతి తెలియదు కదా. మేము లోపలికి వెళ్లగానే బల్లలన్నీ ఒకదానికొకటి జరిపి ఒకే పొడవాటి బల్ల చేసేశాడు. దాని మీద తెల్లని కాగితం పరిచి, గాలికి ఎగరకుండా అంచులకు క్లిప్పులు పెట్టాడు. కొడుకు రొట్టె బుట్టలు, నీళ్ల కూజాలు తెచ్చి పెట్టాడు. బయట నిలబడి సిగరెట్టు కాల్చుకుంటున్న డ్రైవరును యజమాని కేకేసి పిలిచి, ఖాళీగా కనిపించిన మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీకి ఒక పక్క మేము, మరో పక్క మా సంఘంలోని ఒక పెద్దమ్మ.

ఆమెకు డెబ్భై ఏళ్లు. భర్త పోయి చాలాకాలమైంది. కువైట్‌లో పనిచేసే కొడుకు డబ్బు పంపి ఈ యాత్రకు పంపించాడు. మా సంఘంలో క్రిస్మస్ విందుకు తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించేది ఆమే.

ఎవరి ప్లేటు వాళ్లకు తెస్తారనుకున్నాం. అలా తేలేదు. అన్నీ పెద్ద పళ్లేలలో తెచ్చి బల్ల మధ్యన పెట్టారు. టమాటా, దోసకాయ, ఉల్లిపాయ ముక్కల మీద ఫెటా అనే తెల్లని జున్నుపలక పెట్టి, ఆలివు నూనె పోసి, పైన ఎండిన వాము లాంటి ఆకు చల్లిన సలాడు. ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర. మన పెరుగుపచ్చడికి చుట్టం లాంటి జాజికి. పెద్ద చిక్కుడు గింజల కూర. వేయించిన స్క్విడ్. బొగ్గుల మీద కాల్చిన గొర్రెమాంసం. ఇందులో పౌలు ఎరిగినవి రొట్టె, ఆలివులు, చేప, మాంసం, ఆకుకూర లాంటివి మాత్రమే. టమాటా ఆయన కాలానికి పదిహేను వందల ఏళ్ల తర్వాత గానీ అమెరికా ఖండం నుండి ఈ వైపు రాలేదు. మన మిరపకాయ సంగతీ అంతే.

"ఇది ఎవరిది? అది ఎవరిది?" అని మావాళ్లు అడిగితే గైడు నవ్వి, "ఇక్కడ ఎవరిదీ అంటూ ఉండదు, బల్లది" అంది. అందుకోవాలంటే పక్కవారిని అడగాలి, దూరంగా ఉన్నవారికి మనం అందించాలి. ఐదు రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడనివాళ్లు పది నిమిషాల్లో మాట్లాడుకోసాగారు.

డ్రైవరు తినేముందు తల వంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. మాంసం ముట్టలేదు, జున్ను పక్కకు నెట్టాడు. ఒంట్లో బాగాలేదేమోనని అడిగాం. ఆ రోజు బుధవారం. ఆర్థడాక్సు సంఘ సంప్రదాయంలో బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు, ఆ రోజుల్లో మాంసం, పాలపదార్థాలు ముట్టరు. ఇన్ని రోజులు అతని బస్సులో కూర్చుని, ఈ దేశస్థులకు ఆచారాలే తప్ప భక్తి లేదని మాలో మేము తెలుగులో మాట్లాడుకుంటూ వచ్చాం. అతని భక్తి సంగతి అతని పక్కన కూర్చుని తిన్న రోజున గానీ మాకు కనబడలేదు.

పెద్దమ్మ తన సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. అతని రొట్టె మీద కాస్త రాసి, తినమని సైగ చేసింది. అతను తిని, దగ్గి, కళ్లనీళ్లు పెట్టుకుని, నీళ్లు తాగి, మళ్లీ రొట్టె చాపాడు. ఆవకాయలో పాలు లేవు, మాంసం లేదు కనుక అతని ఉపవాసానికి ఏ అడ్డూ రాలేదు. బల్లంతా నవ్వులు.

ఆ నవ్వుల మధ్యనే పెద్దమ్మ మా వైపు తిరిగి అంది. "అయ్యగారూ, మన సంఘం విందు ఇన్నేళ్లు వండానుగానీ, మీ బల్ల మీద కూర్చుని మీతోపాటు తినడం ఇదే మొదటిసారి. దానికి ఇంత దూరం రావాల్సి వచ్చింది చూడండి!"

ఆమె ఫిర్యాదు చేయలేదు. సంతోషంగానే అంది. మాకు మాత్రం చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఊరికే రాసిన ఉత్తరం

మేము కూర్చున్నది ఏ ఊళ్లో? ఈ సంగతి మీదే పౌలు గట్టిగా గద్దించి రాసిన ఊళ్లో. క్రీ.శ. 54-55 ప్రాంతంలో ఎఫెసు నుండి రాసిన మొదటి కొరింథీ పత్రికలో, మీరు కూడి వచ్చి తింటున్నది ప్రభువు రాత్రి భోజనమే కాదు పొమ్మంటాడు ఆయన (11:20). ఎందుకు? వారి సిద్ధాంతంలో తప్పుండి కాదు, ప్రార్థన సరిగా చేయలేదనీ కాదు. ఒకడు ముందే తినేస్తున్నాడు, మరొకడు ఆకలితో ఉండిపోతున్నాడు. అదీ కారణం.

అప్పటి పరిస్థితి కాస్త తెలిస్తే ఇది స్పష్టమవుతుంది. క్రీ.పూ. 146లో రోమీయులు కొరింథును నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు దాన్ని మళ్లీ కట్టించి, దాస్యం నుండి విడుదలైనవారిని ఎక్కువగా తెచ్చి అక్కడ నివాసముంచాడు. కొత్తగా డబ్బు చేసినవాళ్లు, రేవుల్లో మూటలు మోసేవాళ్లు, దాసులు అంతా ఒకే సంఘంలో ఉన్నారు. మందిరాలు లేని కాలం కనుక కలవడం ఇళ్లలోనే. రోమా పద్ధతి ఇంటిలో భోజనపు గదికి మూడు మంచాలు, వాటి మీద ఆనుకుని తొమ్మండుగురు. మిగిలినవాళ్లు బయట ముంగిట్లో సర్దుకోవాల్సిందే. ఆదివారం సెలవు కూడా లేదు, అది క్రీ.శ. 321లో కాన్‌స్టంటైను చక్రవర్తి కాలంలో వచ్చింది. యజమాని పని ముగిస్తే గానీ దాసుడు బయటపడలేడు. అతను వచ్చేసరికి లోపలివాళ్ల భోజనం అయిపోయేది.

ఇది ఆ సమాజంలో ఎవరికీ తప్పుగా తోచని పద్ధతి. చిన్న ప్లినీ అనే రోమా పెద్దమనిషి రాసిన ఉత్తరం ఒకటుంది. తాను వెళ్లిన ఒక విందులో తనకు, ముఖ్య అతిథులకు మంచి ద్రాక్షారసం, చిన్న స్నేహితులకు రెండో రకం, విడుదలైన దాసులకు మూడో రకం పోశారని అందులో విసుక్కున్నాడు. తన ఇంట్లో అయితే అందరికీ ఒకటే వడ్డిస్తానని కూడా చెప్పుకున్నాడు. క్రైస్తవుడు కానివాడికే అది ఎబ్బెట్టుగా తోస్తే, సిలువ వేయబడిన ప్రభువు పేరిట కూడినవారి మధ్య అదే జరగడం పౌలును ఎంత నొప్పించి ఉంటుంది!

అదే అధ్యాయంలో, ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టెను తినాలనే మాట ఉంది. ప్రతి నెల మొదటి ఆదివారం ఈ మాట చదివి, "మీ రహస్య పాపాలు జ్ఞాపకం చేసుకోండి" అని సంఘానికి చెబుతూ వచ్చాం. అది తప్పు కాదు. అయితే ఆ వచనానికి ముందూ వెనుకా పౌలు మాట్లాడుతున్నది రహస్య పాపాన్ని గురించి కాదు. పది మంది కళ్లెదుట జరుగుతున్న దాన్ని గురించి. పక్కవాడు తిన్నాడా లేదా అని చూడకుండా తినడాన్ని గురించి. చివర ఆయన ఇచ్చిన మందు కూడా చాలా చిన్నది. ఒకరికోసం ఒకరు ఆగండి అన్నాడు (11:33). ఆయన వాడిన గ్రీకు మాటకు ఎదురుచూడడం అనే కాక, చేర్చుకోవడం అనే అర్థం కూడా ఉంది. సెమినరీలో ఈ క్రియాపదం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాం. దాన్ని చేసి చూపించింది మాత్రం చదువు సంగతి మాకు తెలియని ఆ టవెర్నా యజమాని.

అతిథి, పరదేశి ఒకరే

ఆతిథ్యానికి కొత్త నిబంధనలోని గ్రీకు మాట ఫిలోక్సెనియా. రోమా 12:13లోనూ, హెబ్రీ 13:2లోనూ వచ్చేది అదే. క్సెనోస్ అంటే పరదేశి, అతిథి కూడా ఆ మాటే. ఫిలోక్సెనియా అంటే పరదేశి మీద ప్రేమ. మనవాళ్లను పిలిచి పెట్టడం ఎవరైనా చేస్తారు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి మనవాడిగా చేర్చుకోవడమే ఆ మాటకు అర్థం.

భోజనం చివర మేము అడగకుండానే ఒక పళ్లెం నిండా ద్రాక్షపళ్లు, తేనె పోసిన పెరుగు వచ్చాయి. బిల్లులో ఇవి ఉండవని గైడు చెప్పింది. యజమాని తన తరఫున పెట్టేది, దాన్ని కేరస్మా అంటారట. మేము నేర్చుకున్న ఒక్క గ్రీకు మాట అతనితో అన్నాం, ఎఫ్‌ఖరిస్తో. కృతజ్ఞతలు అని అర్థం. ప్రభువు రొట్టె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడన్న చోట ఉన్నది ఆ మాటే. దాని నడుమన ఖారిస్ ఉంది, అంటే కృప. కొనకుండా దొరికినదాన్ని తింటూ ఆ మాట అనడం మాకు బాగుందనిపించింది.

తర్వాత అసలు బిల్లు వచ్చింది. ఇరవై మూడు మందికీ కలిపి ఒకటే కాగితం, ఒక గాజుగ్లాసులో పెట్టి ఇచ్చాడు. ఎవరెవరు ఎంత తిన్నారో లెక్క తేల్చమని మా పెద్దల్లో ఒకరు అడిగారు. పళ్లేలన్నీ మధ్యలో పెట్టాను, ఎవరు తిన్నారో నేనెలా చెప్పగలనని యజమాని చేతులు తిప్పాడు. సరే, డ్రైవరును వదిలి సమానంగా పంచాం. పెద్దమ్మ కొంగు ముడి విప్పి యూరోలు తీస్తుంటే, "నీవు తిన్నది తక్కువే కదమ్మా, ఉంచుకో" అన్నారు ఒకాయన. మంచి మనసుతోనే అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "అందరితో కలిసి తిన్నానయ్యా. అందరితో కలిసే ఇస్తాను" అంది.

బిల్లును గ్రీకులు లోగరియాస్మోస్ అంటారు. లోగోస్ అనే మాటలోంచి వచ్చింది. మనలో ప్రతివాడూ దేవునికి లెక్క అప్పగించాలన్న రోమా 14:12లోనూ ఆ లోగోసే ఉంది. బస్సెక్కాక చాలాసేపు మా లెక్క మేము చూసుకున్నాం.

మన విందుల లెక్క

మన సంఘాల్లో ప్రేమవిందులు ఎలా జరుగుతాయో మనకు తెలియనిది కాదు. షామియానా కింద సంఘమంతా పంక్తుల్లో నిలబడుతుంది. పక్కన ఒక గది ఉంటుంది. అందులో బల్ల మీద గుడ్డ, మంచినీళ్ల సీసాలు, వేరే గిన్నెలో తీసిపెట్టిన మాంసం. అది అయ్యగార్లకు, ముఖ్య అతిథులకు. దైవసేవకులను గౌరవించాలనే మంచి ఉద్దేశంతో పుట్టిన ఆచారమే. కానీ ఆ గది తలుపు మూసుకున్నాక బయట చివరి పంక్తికి కూర మిగిలిందో లేదో లోపల ఎవరికి తెలుస్తుంది? ఆ గదిలో కూర్చుని తిన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఇంకా చెప్పాలంటే కొన్ని చోట్ల డబ్బును బట్టే కాదు, కులాన్ని బట్టి కూడా పంక్తులు విడిపోతున్నాయి. అంతియొకయలో పేతురు అన్యజనులతో తినడం మాని వెనక్కి తగ్గినప్పుడు, పౌలు అది మర్యాదకు సంబంధించిన విషయమని ఊరుకోలేదు. సువార్త సత్యానికే అడ్డమని అందరి ముందు ఎదిరించాడు (గలతీ 2:11-14).

తిరిగి వచ్చాక సంఘపెద్దల కూటంలో ఆ గది తీసేద్దామని అడిగాం. సులువుగా ఒప్పుకోలేదు. "సేవకులకు గౌరవం తగ్గదా?" అన్నారు. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. బాగా పాలించే పెద్దలు గౌరవానికి పాత్రులని వాక్యమే చెబుతోంది (1 తిమోతి 5:17). మేము చెప్పింది ఒక్కటే. గౌరవం ఇవ్వండి, గోడ మాత్రం వద్దు. చాలా వాదన జరిగాక ఆ ఒక్క సంవత్సరానికి సరేనన్నారు.

2019 క్రిస్మస్ రోజున గది లేదు. వండినవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేదాకా ప్రార్థన మొదలుపెట్టలేదు. దాంతో ముప్పావు గంట ఆలస్యమైంది. పిల్లలు ఏడ్చారు, బిర్యానీ చల్లారింది, గొణిగినవాళ్లు గొణిగారు. మా విస్తరిలో రెండు ముక్కలే పడ్డాయి. నిజం చెప్పాలంటే మాకు అది కష్టంగానే అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది. ప్రతి ఏటా విందుకు ఎక్కువ ఖర్చు భరించే ఒక కుటుంబం అలిగి మధ్యలోనే వెళ్లిపోయింది. వారితో ఇప్పటికీ పూర్తిగా సర్దుబాటు కాలేదు, ప్రయత్నిస్తూనే ఉన్నాం.

ఆ రోజు పెద్దమ్మ మా పక్కన కూర్చుంది. ఎక్కువ మాట్లాడలేదు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం రెండుసార్లు అడిగింది.

2020లో కరోనా వల్ల విందు లేదు. 2021 వేసవిలో ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు. అప్పటికి ఆ సంఘానికి కాపరిగా వచ్చి పద్దెనిమిదేళ్లు. ఆ పద్దెనిమిదేళ్లలో ఆమె పక్కన కూర్చుని తిన్నది రెండే పూటలు, ఒకటి కొరింథులో, ఒకటి మన ఊళ్లో. ఆమె చేతివంట తిన్న పూటలు ఎన్నో లెక్కే లేదు. ఈ లెక్కను మేమిక సరిచేయలేం. దాని నిమిత్తం ప్రభువును క్షమాపణ అడిగాం, ఆయన క్షమించాడని నమ్ముతున్నాం. అయినా క్షమించబడ్డ తప్పును గురించి ఇతరులను హెచ్చరించడం కూడా కాపరి పనే అనిపించి దీన్ని రాస్తున్నాం.

ఈసారి మీ సంఘంలో విందు జరిగినప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి. వండినవాళ్లు ఎక్కడ తింటున్నారు? చివరి పంక్తిలో ఎవరున్నారు? ఆటో తోలుకొచ్చిన అబ్బాయి, మైకు సర్దిన కుర్రవాడు, మందిరం ఊడ్చే చెల్లెలు తిన్నారా? వారి పేర్లు మనకు తెలుసా? వారు వచ్చేదాకా ఆగితే అన్నం కాస్త చల్లారుతుంది, అంతే. మనకోసం ఎంతోకాలం ఆగిన ప్రభువు బల్ల దగ్గరకు వచ్చేవాళ్లం, ఆ మాత్రం ఆగలేమా?

ప్రభువు మన విందులను తన బల్లగా చేసుకొనును గాక! ఆమేన్.